అత్త ఉపవాసం చెడగొట్టిన రోజు

నేను పిరికిదాన్ని. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే, దాచుకునేదేమీ లేదు. కుక్కరు కూత పెడితే ఉలిక్కిపడతాను. ఫోను మోగితే ఎత్తకముందే ఎవరికో ఏదో అయిపోయిందని తేల్చేసుకుంటాను. మా ఆయన మంగంపేట ముగ్గురాయి గనుల్లో టిప్పరు నడుపుతాడు, వారానికోసారి ఇంటికొస్తాడు. సాయంత్రం ఆయన ఫోను కాస్త ఆలస్యమైతే చాలు, నా మనసులో టిప్పరు బోల్తా కొట్టేసి, జనం గుమిగూడి, ఏడుపులు కూడా అయిపోతాయి. "నీ మనసులో నేను ఎన్నిసార్లు సచ్చినానో లెక్కే లేదు పో" అని నవ్వుతాడు. నవ్వుకోనీ. అలాంటిదాన్ని కడుపుతో ఉంటే ఎలా ఉంటానో వేరే చెప్పాలా?

అంతకుముందు రెండుసార్లు నిలబడలేదు. రెండుసార్లూ అయిదో నెల దాటాక, ఇక భయం లేదులే అని ఊళ్లో అందరూ అన్నాకే పోయాయి. అందుకని మూడోసారి సంతోషపడటానికి కూడా భయమే. ఎవరైనా "ఏమ్మా, విశేషమంట గదా" అంటే వాళ్ల నోరు మూసేయాలనిపించేది. బాత్రూముకు పోయిన ప్రతిసారీ చీర మీద మరకేమైనా ఉందేమోనని చూసుకునేదాన్ని. చూసుకోవడానికీ భయం, చూసుకోకుండా ఉండటానికీ భయం.

నేను పుట్టింది కర్నూలు దిక్కున, ఆదోని పక్క పల్లెలో. మెట్టింది జమ్మలమడుగు దగ్గర. కొత్తలో నేను డబ్బును "దుడ్లు" అంటే మా అత్త పొట్ట పట్టుకుని నవ్వేది. రెండువైపులా తాతల కాలం నుంచీ క్రైస్తవులమే. కాస్త మెట్టపొలం, మిగిలిన రోజులు కూలి. మా చర్చి ఊరికి ఎడంగా, శనగ చేల మధ్య ఉంటుంది. పైన నాపరాయి పరిచిన పాత కట్టడం. బయట ఎండ మాడ్చేస్తున్నా లోపల చల్లగా ఉంటుంది. పెళ్లయిన కొత్తలో అందులో నాకు నచ్చింది ఆ చల్లదనం ఒక్కటే అని చెబితే అత్త నెత్తిన ఒకటి మొట్టింది.

ఆ చర్చిలో మా అత్తకొక పని ఉంది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఆ రసం కాచేది మా అత్తే. శుక్రవారం తెల్లారేసరికి తలస్నానం చేసి, నల్లద్రాక్షలు కడిగి, చక్కెర వేసి ఉడకబెట్టి, ఉతికిన తెల్లగుడ్డలో వడగట్టి, సీసాలకు పోసి, చర్చి అల్మారాలో పెట్టి తాళం వేసేది. ఆ తాళంచెవి కొంగుకు కట్టి బొడ్లో దోపుకునేది. కాచేటప్పుడు చుక్క కూడా నాలుక మీద వేసుకోదు. తీపి సరిపోయిందో లేదో చూడొద్దా అని నేనొకసారి గరిటె ముట్టబోతే చెయ్యి మీద చరిచింది.

"దేవుని బల్లకు పొయ్యేది. మనం ఎంగిలి చేసేదేంది?"

"రుచి చూస్తే ఎంగిలా అత్తా?"

"గమ్మునుండు. చక్కెర ఎక్కువే ఏసినాలే."

బల్ల దగ్గర ఆ రసం ఇచ్చే గిన్నెను అర్హత లేకుండా ముట్టినవాళ్లకు ఒంటికి రోగం, ఇంటికి కీడు అని మేమంతా చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినవాళ్లం. పక్కింటితో మాటలు లేకపోతే, బల్ల రోజు తెల్లారకముందే పోయి సమాధానపడి వచ్చేవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. అది భక్తో భయమో నాకు తెలీదు. నా మటుకు నాకు భయమే.

నాకు మూడో నెల పడగానే అత్త ఒక మొక్కుబడి చేసింది. బిడ్డ చేతికొచ్చేదాకా ప్రతి శుక్రవారం పొద్దుగుంకే వరకు నోట్లో నీళ్లు కూడా పోసుకోనని. ఆమెకు షుగరు. ఏళ్ల తరబడి మాత్రలు మింగుతోంది. మా ఊరి ఆశా కార్యకర్త ఆ మాట విని నెత్తి కొట్టుకుంది. నన్ను పక్కకు పిలిచి, "మీ అత్తకు చెమట పట్టి చేతులు వణికితే చూస్తా కూర్చోవాకు. చక్కెర నోట్లో ఎయ్యి. తెలివి తప్పితే గొంతులో పొయ్యొద్దు, పొలమారుతుంది. వేలితో చిగుళ్లకు పుయ్యి" అని చెప్పింది. నేను ఆ మాటను కంఠతా పట్టాను. భయపడేవాళ్లకు ఇలాంటివి బాగా గుర్తుంటాయి.

మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, చిన్నవయసాయన. మంచివాడు. నాలుగైదు ఊళ్లకు ఆయనొక్కడే. ఇంటికొచ్చి అత్తకు నచ్చజెప్పాడు. "దేవుడు నీ కడుపును చూడడమ్మా, మనసును చూస్తాడు. నీ ఉద్దేశం ఆయనకు తెలుసు. తిని ప్రార్థన చేసుకో, చాలు" అన్నాడు.

అత్త ఆయనకు మజ్జిగ ఇచ్చి, గోడకానుకుని నిలబడి అంది. "మనసులో అనుకుంటే సాలు అంటే ఎట్లయ్యగారూ? నేను ఈ అంట్లన్నీ మనసులోనే తోమేసినా అనుకుంటే తెల్లగయితాయా? నా మనసు పొద్దున ఒగ తీరు, మాపటికి ఒగ తీరు. దాన్ని నేనే నమ్మను. దేవుడెందుకు నమ్మల్ల? చేసి చూపిస్తేనే నాకు ధైర్యం."

అయ్యగారు నవ్వి ఊరుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. అత్త అన్నది నిజమేననిపించింది. ఆయన అన్నదీ నిజమేననిపించింది. మధ్యలో నా కడుపు ఉంది.

ఆయన పోయాక అత్త నా గడ్డం పట్టుకుంది. "నాకేమన్నా అయితే నువ్వు కంగారుపడి నా నోట్లో ఏమన్నా పోసేవు. పొయ్యొద్దు. ఈ మొక్కుబడి నీ బిడ్డ కోసరం. చెడగొడితే చెడేది యాడో చూసుకో" అంది. బెదిరించాలని అనలేదామె. ఆమెకూ భయమే. కానీ ఆ మాట నా కడుపులో రాయిలా పడింది.

ఆ శుక్రవారం ఎండాకాలం మొదట్లో వచ్చింది. నాకు అయిదో నెల దాటింది. ఆ ఆదివారమే బల్ల. అత్త పొద్దున్నే రసం కాచింది, సీసాలు మోసుకుపోయి అల్మారాలో పెట్టింది. మధ్యాహ్నం ఉపవాస ప్రార్థన. అయ్యగారు వేరే ఊళ్లో ఉన్నాడు, సంఘపెద్ద నడిపిస్తున్నాడు. ఆడవాళ్లమే ఎక్కువ. నన్ను ఉపవాసం ఉండనివ్వలేదు గానీ నేను ప్రార్థనకు పోవడం మానలేదు. గోడ పక్కన చాప మీద కూర్చున్నాను.

అందరూ మోకాళ్ల మీద ఉన్నారు. అత్త ముందు వరసలో ఉంది. ప్రార్థన గట్టిగా చేస్తుందామె, గొంతు గుర్తుపట్టొచ్చు. ఉన్నట్టుండి ఆ గొంతు మారింది. మాటలు ముద్దముద్దగా వస్తున్నాయి. ఒళ్లు ఊగుతోంది. చేతులు వణుకుతున్నాయి. పక్కనున్న ఆమె "స్తోత్రం! ఆత్మ దిగినాడు!" అని కేక పెట్టింది. అంతే, అందరూ చప్పట్లు అందుకున్నారు. పాట అందుకున్నారు. డప్పు కూడా మోగింది. మా చర్చిలో అప్పుడప్పుడూ అలా జరుగుతుంది. ఎవరికైనా ఒళ్లు వణికితే దేవుడు తాకాడని అందరికీ సంతోషం. నేనూ చప్పట్లు కొట్టాను. అయ్యో, నేనూ కొట్టాను.

అప్పుడు అత్త రవిక వీపు చూశాను. తడిసి ముద్దయిపోయింది. ఆ చల్లటి చర్చిలో ఎవరికీ చెమట పట్టదు.

నేను లేచి జనం మధ్యలోంచి పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంచుముక్కలా ఉంది. "అత్తా" అన్నాను. నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు నా జన్మలో మర్చిపోను.

"ఎవురు నువ్వు?" అంది. ఆ వెంటనే, ఎన్నో ఏళ్ల కిందట చనిపోయిన మా మామను పిలుస్తూ, "ఎద్దులు చేలో పడినాయి, తోలప్పా, తోలు" అంది. పక్కకు ఒరిగిపోయింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "పాట ఆపండి! షుగరు పడిపోయింది! చక్కెర! ఎవురి దగ్గరన్నా చక్కెర ఉండాదా?" అని అరిచాను. ఎవరి దగ్గర ఉంటుంది? ఉపవాస ప్రార్థనకు బెల్లంముక్క కట్టుకొచ్చేవాళ్లెవరు? ఒకామె ఊళ్లోకి పరిగెత్తింది. ఇంకొకామె అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఊరు చేల అవతల ఉంది. అత్త కళ్లు తేలేస్తోంది.

పొద్దున మాత్ర వేసుకుందా అని నాకప్పుడు అనుమానం వచ్చింది. తర్వాత తెలిసింది, వేసుకుంది. ఉమ్మితోనే మింగింది. తిండి మానేసింది గానీ మాత్ర మానలేదు. మాత్ర తిండి కాదుగదా, ఉపవాసం చెడదని ఆమె లెక్క. పైగా డాక్టరు మాట కూడా దాటినట్టు కాదు. దేవుడి మాటా దక్కింది, డాక్టరు మాటా దక్కింది అనుకుంది పిచ్చితల్లి. ఏమీ తినని ఒంట్లో ఆ మాత్ర ఉన్న చక్కెరను కూడా పీల్చేసింది.

అల్మారా నాకు ఎదురుగా ఉంది. అందులో సీసాలు. చక్కెర ఎక్కువే ఏసినాలే అన్న మాట చెవుల్లో వినబడింది.

అప్పుడు నాకు పట్టిన భయం ఒక రకం కాదు. ఆమె చచ్చిపోతుందేమోనని భయం. అది ప్రభువు బల్లకు పెట్టిన రసం, ముడితే ఏమవుతుందోనని భయం. అన్నింటికంటే, చెడగొడితే చెడేది యాడో చూసుకో అన్న మాట. పోస్తే నా బిడ్డ పోతుంది. పోయకపోతే మా అత్త పోతుంది. అంతే నాకు తోచింది. ఇది తెలివైన ఆలోచన కాదని ఇప్పుడు మీరనొచ్చు. అప్పుడు అక్కడ మీరు లేరు.

ఆమె బొడ్లో చెయ్యి పెట్టి కొంగు లాగాను. తాళంచెవి ముడి చెమటకు బిగుసుకుపోయింది. వేళ్లతో రాలేదు. పళ్లతో కొరికి విప్పాను. అల్మారా తెరిచాను.

"అమ్మా! ఏం చేస్తాండావు?" అని సంఘపెద్ద అడ్డమొచ్చాడు. "అది బల్లకు పెట్టిందమ్మా!"

"అయ్యగారు ఇంగా ప్రార్థన చెయ్యలేదు గదా, అప్పటిదాకా అది ఉత్త రసమే" అని ఎవరో ఆడమనిషి వెనక నుంచి అంది.

"దేవుని పేర తీసిపెట్టినాక ఉత్తదెట్లయితాది?" అన్నాడాయన. ఆయన మంచివాడే. ఆయన మొహంలోనూ భయమే ఉంది.

"పాపమేదో నాకే తగలనీ, జరుగప్పా!" అన్నాను. నా గొంతేనా అది? పెద్దమనిషిని అప్పటిదాకా తలెత్తి చూసింది కూడా లేదు. కానీ ఆ మాట నోటి నుంచి వచ్చిన మరుక్షణమే కడుపు మీద చెయ్యి వేసుకున్నాను. నాకే తగలనీ అన్నాను. నేనంటే నేనొక్కదాన్నే కాదు గదా.

అత్త తలను ఒళ్లో పెట్టుకున్నాను. సగం సీసా నా చీర మీదే ఒలికింది. రసంలో వేలు ముంచి ఆమె పెదవుల మధ్య పెట్టాను. తెలివి లేదు, అయినా పళ్లు బిగించింది! తల అటు తిప్పేసింది. ఒళ్లు తెలియని స్థితిలో కూడా ఆమె ఉపవాసం ఉంది. నాకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. "తెరువత్తా! నోరు తెరువు!" అని తిడుతూ బుగ్గ లోపలికి వేలు దూర్చి చిగుళ్లకు పూశాను. కొరికింది. రక్తం వచ్చింది. మళ్లీ ముంచి మళ్లీ పూశాను. మింగింది. ఇంకా పూశాను.

ఎంతసేపో తెలీదు. ఆమె కళ్లు కదిలాయి. ముందు పైకప్పును చూసింది, తర్వాత నన్ను, ఆ తర్వాత నా ఒడిని. నా చీర ముందరంతా ఎర్రగా, నల్లగా తడిసి ఉంది.

అత్త కేక పెట్టింది. అలాంటి కేక నేను మళ్లీ వినలేదు. "పోయిందా? బిడ్డ పోయిందా?" అని నా ఒడిని రెండు చేతులతో అదుముకుంది.

"లేదత్తా! రసం, రసమత్తా ఇది! బిడ్డకేం కాలేదు!"

ఆమె చేతులు చూసుకుంది. వాసన చూసింది. నాలుకతో పెదవి తడుముకుంది. తీపి తగిలింది. అప్పుడు ఆమె మొహంలో కనబడిన బెదురు, తెలివి తప్పినప్పటి కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఎవురు పోసినారు?"

"నేనే."

ఆమె కళ్లు మూసుకుంది. ఊళ్లో నుంచి చక్కెర వచ్చింది, తర్వాత అంబులెన్సూ వచ్చింది. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు. ఆ రసం పూయకపోతే దారిలోనే పోయేదని డాక్టరమ్మ అంది. ఆ మాటకు మా ఆయన నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. నేను మాత్రం కడుపులో కదలిక కోసం చూస్తున్నాను. ఆ సాయంత్రం ఏమీ తెలియలేదు. మర్నాడు పొద్దున కదిలింది. కదిలింది గదా అని నెమ్మదించానా? లేదు. ఇప్పుడు కదిలింది, రేపు? అని మొదలుపెట్టాను.

ఆదివారం బల్లకు అత్త పోలేదు. నేనూ పోలేదు. అయ్యగారే ఇంటికొచ్చాడు. "నీ కోడలు తప్పు చెయ్యలేదమ్మా. ప్రాణం నిలబెట్టింది. ఆమె ఉద్దేశం దేవుడికి తెలుసు" అన్నాడు.

నా ఉద్దేశం! నాకే తెలియదది. ప్రేమతో పోశానా అంటే, భయంతో పోశాను. ఆమె పోతే మా ఆయన మొహం ఎలా చూడాలన్నది కూడా అందులో ఉంది. ఊరు ఏమంటుందన్నదీ ఉంది. ఉత్త మంచిమనసుతో ఏడు నెలల ఉపవాసానికి దిగిన మా అత్త చావు దాకా పోయింది. వంద భయాలతో వేలు ముంచిన నేను ఆమెను బతికించాను. ఇందులో దేవుడు ఏది చూస్తాడో, ఎవరి పద్దు ఎలా వేస్తాడో నాకు ఈనాటికీ తెలీదు.

అత్త ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. కోపంతో కాదని నాకు తెలుసు. మాట్లాడితే బిడ్డ మాట వస్తుందని భయం. మళ్లీ శుక్రవారం వచ్చింది. మళ్లీ ఉంటుంది ఉపవాసం, మళ్లీ మాత్ర మింగుతుంది అనుకున్నాను. మాత్రల డబ్బా దాచేద్దామా అని కూడా చూశాను.

మధ్యాహ్నం అత్త వంటింట్లోకి వచ్చి, రెండు పళ్లేలు తీసి, జొన్నరొట్టె, పప్పు పెట్టి, ఒకటి నా ముందుకు తోసింది. తను ఎదురుగా కూర్చుంది. రొట్టె తుంచింది. చెయ్యి వణుకుతోంది, ఈసారి షుగరు వల్ల కాదు. ముద్ద నోటి దాకా తీసుకుపోయి ఆగింది. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి.

"తినకుండా ఉండటం నాకు శానా సులువమ్మే" అంది. "ఇది కష్టంగా ఉండాది. ప్రతి ముద్దకూ నీ బిడ్డకేమవుతాదో అని గుండె అదురుతాండాది. ఇంగ ఇదే నా మొక్కుబడి. నువ్వు చూస్తా ఉండు, నేను తింటా."

తిన్నది. నేనూ తిన్నాను. ఇద్దరం భయపడుతూనే తిన్నాం. కాన్పు దాకా ప్రతి శుక్రవారం అలాగే తిన్నాం. ఒక్కసారి కూడా ఆమెకు ఆ ముద్ద సులువుగా దిగడం నేను చూడలేదు.

పాప పుట్టింది. వానలు పడుతున్న నెలలో, నెల తక్కువగా, చేతిలో పట్టేంత పాప. ఏడవడానికి కాస్త ఆలస్యం చేసింది. ఆ కాస్తలో నేను ఎన్ని అనుకున్నానో చెప్పను. తర్వాత గట్టిగా ఏడ్చింది. మా అత్త దాన్ని ఎత్తుకుని కిటికీ దగ్గరికి పోయి, వెలుతురులో తల నుంచి కాళ్ల దాకా చూసుకుంది.

నేను చేసింది ఒప్పని ఆమె ఏనాడూ అనలేదు. తప్పనీ అనలేదు. నేను అడగలేదు, అడగడానికి భయం. పాపను తీసుకుని నేను మొదటిసారి బల్లకు పోవాల్సిన వారం, శుక్రవారం పొద్దున అత్త రసం కాచి, అల్మారాలో పెట్టి, ఇంటికొచ్చింది. తలుపు దగ్గర నిలబడి కొంగు ముడి విప్పింది. తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇది నీ కాడ ఉండనీ" అంది. "ఈసారి పళ్లతో కొరుక్కుంటా కూసుంటే ఆలస్యమవుతాది."